తిరగలి తిప్పిన సంపాదకుడు: మౌలానా హస్రత్ మోహానీ

హైదరాబాద్‌లో ధర్నా జరిగినా, విజయవాడలో కార్మికుల ర్యాలీ కదిలినా ఒక నినాదం తప్పకుండా వినిపిస్తుంది. అది ఇంక్విలాబ్ జిందాబాద్. ఈ నినాదాన్ని దేశానికి ఇచ్చింది మౌలానా హస్రత్ మోహానీ అని చాలామందికి తెలుసు. ఇక చుప్కే చుప్కే అంటూ మొదలయ్యే గజల్ తెలియని ఉర్దూ ఇల్లు ఉండదు. గులాం అలీ గొంతులో, 1982లో వచ్చిన నికాహ్ సినిమా ద్వారా అది ఇంటింటికీ చేరింది. దాన్ని రాసింది కూడా హస్రతే.

అయితే ఈ రెండిటి మధ్య ఆయన జీవితంలో మరో పని ఉంది. దాన్ని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఆయన ఒక చిన్న కవిత్వ పత్రికకు సంపాదకుడు. ఆ పత్రిక కోసం జైలుకెళ్లారు, ఇల్లు గుల్ల చేసుకున్నారు, చేతులతో ప్రెస్ తిప్పారు, చివరికి బట్టల కొట్టు కూడా పెట్టారు. పత్రిక మూతపడిన ప్రతిసారీ మళ్లీ తెరవడానికే చూశారు.

మోహాన్ నుంచి అలీగఢ్ దాకా

ఆయన అసలు పేరు సయ్యద్ ఫజ్లుల్ హసన్. ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో మోహాన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఆ ఊరి పేరే ఆయన పేరు పక్కన మోహానీగా నిలిచిపోయింది. హస్రత్ అనేది ఆయన కలం పేరు. తీరని కోరిక అని దాని అర్థం. ఫతేపూర్‌లో హైస్కూలు చదువు అయ్యాక స్కాలర్‌షిప్ మీద అలీగఢ్‌లోని మొహమ్మడన్ ఆంగ్లో ఓరియంటల్ కాలేజీలో చేరారు. సర్ సయ్యద్ స్థాపించిన ఆ కాలేజీయే తర్వాతి కాలంలో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ అయింది.

అప్పట్లో అలీగఢ్‌లో చదివే కుర్రాళ్ల మీద ఇంటివాళ్లకు ఒకటే ఆశ. బీఏ పాసై సర్కారు నౌకరీలో చేరాలి, డిప్యూటీ కలెక్టరో తహసీల్దారో కావాలి. హస్రత్ 1903లో బీఏ పూర్తిచేశారు. ఉద్యోగానికి దరఖాస్తు మాత్రం పెట్టలేదు. అదే ఏడాది అలీగఢ్‌లోనే ఉర్దూయే ముఅల్లా పేరుతో ఒక మాసపత్రిక మొదలుపెట్టారు. అప్పటికే ఆయనకు పెళ్లయింది. భార్య నిషాతున్నిసా బేగం ఆయనకు బంధువుల అమ్మాయే. ఉర్దూతో పాటు ఫార్సీ, అరబీ కూడా వచ్చిన చదువరి. పత్రిక కథలో ఆమె పాలు ఎంతుందో ముందుముందు తెలుస్తుంది.

పత్రికలో ఏముండేది?

ఉర్దూయే ముఅల్లాకు రెండు ముఖాలు. ఒకటి కవిత్వం, రెండోది రాజకీయం. అలీగఢ్ పెద్దలు విద్యార్థులను రాజకీయాలకు దూరంగా ఉంచాలనుకున్న రోజుల్లో ఆయన కాంగ్రెస్‌ను, స్వదేశీని సమర్థిస్తూ రాశారు. ఆయన గురువుగా ఎంచుకున్న నాయకుడు బాల గంగాధర తిలక్. 1907లో సూరత్ కాంగ్రెస్‌లో చీలిక వచ్చినప్పుడు హస్రత్ తిలక్ పక్షానే నిలిచి బయటికి వచ్చేశారు.

కవిత్వం విషయంలో ఆయన చేసిన పని ఇంకా పెద్దది. అప్పటికి గజల్‌కు గడ్డుకాలం. కొత్త చదువులు చదివినవాళ్లకు గజల్ అంటే చిన్నచూపు. పాడిందే పాడటం తప్ప అందులో ఏముంది అనేవాళ్లు. పాత షాయిర్ల దీవాన్లు, అంటే వాళ్ల కవితా సంపుటాలు, చాలావరకు చేతిరాత ప్రతులుగానే మిగిలాయి. ఏ నవాబు ఇంట్లోనో, ఏ మౌల్వీగారి అల్మారాలోనో చెదలు తింటూ పడి ఉండేవి. వాటిని అడిగి తెచ్చుకోవడం, చదవడం, మంచి షేర్లను ఏరి పత్రికలో వేయడం హస్రత్ పెట్టుకున్న నియమం. ప్రతి షాయిర్ గురించి నాలుగు మాటలు రాసేవారు. ఆయన ఎవరి శిష్యుడు, ఆయన శిష్యులెవరు అన్నది కూడా కలిపేవారు.

ఉర్దూ కవిత్వంలో ఉస్తాద్, షాగిర్ద్ సంబంధం అంటే కుటుంబ వంశవృక్షం లాంటిదే. హస్రత్ ఉస్తాద్ తస్లీమ్ లఖ్నవీ. తస్లీమ్ ఉస్తాద్ నసీమ్ దెహల్వీ. నసీమ్ ఉస్తాద్ హకీమ్ మోమిన్ ఖాన్ మోమిన్. ఈ గొలుసు తెగిపోకూడదన్నదే హస్రత్ తపన. ఆయన ఏరి అచ్చువేసిన భాగాలే తర్వాత ఇంతిఖాబే సుఖన్ పేరుతో అనేక సంపుటాలుగా వచ్చాయి. గాలిబ్ దీవాన్‌కు ఆయన రాసిన వ్యాఖ్యానం కూడా పేరు పొందింది.

పొగడ్త లేని సంపాదకుడు

కవిత్వ పత్రిక నడిపేవాళ్లకు ఎప్పుడూ ఒక తలనొప్పి ఉంటుంది. పెద్ద పేరున్నవాళ్ల తప్పు చూపిస్తే వాళ్లకు కోపం. చూపించకపోతే పాఠకులకు అన్యాయం. హస్రత్ రెండో దానికి ఒప్పుకోలేదు. భాష దగ్గర ఆయన చాలా కరకు మనిషి. ఎంత పెద్ద కవి అయినా మాట తప్పు వాడితే పత్రికలో రాసేసేవారు. మౌలానా హాలీని కూడా వదల్లేదు. ముసద్దస్ రాసిన హాలీ అంటే అప్పటి ముస్లిం సమాజంలో తండ్రిలాంటి గౌరవం.

దీనికి సంబంధించిన ఒక సంగతిని ఉర్దూ పితామహుడు మౌల్వీ అబ్దుల్ హఖ్ హాలీ గురించి రాస్తూ నమోదు చేశారు. ఒకసారి హాలీ అలీగఢ్ వచ్చి ఒక మిత్రుడి ఇంట్లో దిగారు. హస్రత్ ఇద్దరు స్నేహితులతో కలిసి ఆయన్ని చూడటానికి వెళ్లారు. ఇంటాయన కొంచెం కొంటె మనిషి. లోపలికి వెళ్లి ఉర్దూయే ముఅల్లా సంచికలు తెచ్చి, హాలీ భాషను తప్పుపడుతూ హస్రత్ రాసిన పేజీ తెరిచి పెద్దగా చదవడం మొదలుపెట్టారు. మధ్యమధ్యలో మెచ్చుకోళ్లు కూడా కలిపారు. హస్రత్ తల దించుకుని కూర్చుండిపోయారు. హాలీ ముఖంలో మాత్రం చిరాకు లేదు. ఆయన చిరునవ్వుతో విన్నారు. విమర్శ తప్పు కాదని, భాష బాగుపడటానికి అదే మంచి దారి అని అన్నారు. ఇకముందు కూడా హాలీ మీద రాస్తారా అని తర్వాత ఒక స్నేహితుడు అడిగితే, రాసినదానికే ఇంకా బాధపడుతున్నానని హస్రత్ చెప్పారట. విమర్శించడానికి ఎంత ధైర్యం కావాలో, దాన్ని నవ్వుతూ వినడానికి అంతకంటే పెద్ద మనసు కావాలని ఆ కుర్ర సంపాదకుడికి ఆ రోజు తెలిసింది.

పేరు చెప్పని నేరం

1908లో పెద్ద దెబ్బ తగిలింది. ఈజిప్టులో ఆంగ్లేయుల విధానాన్ని ఎండగడుతూ ఒక వ్యాసం ఉర్దూయే ముఅల్లాలో వచ్చింది. దాని కింద రచయిత పేరు లేదు. దాన్ని రాసింది కాలేజీ విద్యార్థి ఒకరని తర్వాతి జీవితకారులు రాశారు. సర్కారు రాజద్రోహం కేసు పెట్టింది. ఎవరు రాశారో చెప్పమని అడిగింది. హస్రత్ చెప్పలేదు. పత్రికలో వచ్చిన ప్రతి అక్షరానికీ తనదే బాధ్యత అన్నారు. పేరు చెబితే ఆ కుర్రాడి చదువు, జీవితం రెండూ పోయేవి. చెప్పకపోవడంతో ఆ భారమంతా సంపాదకుడి మీదే పడింది.

1908 జూన్‌లో ఆయన్ని అరెస్టు చేశారు. అప్పుడు ఇంట్లో పాలుతాగే వయసు కూతురు నయీమా జబ్బుతో ఉంది. అరెస్టయిన తర్వాత బేగం నుంచి జైలుకు ఉత్తరం వచ్చింది. అందులో ఏడుపులేవీ లేవు. వచ్చిన కష్టాన్ని మగసిరితో ఎదుర్కోమని, ఇంటి గురించి దిగులు వద్దని, ఎక్కడా బలహీనత చూపొద్దని రాసింది. ఆ ఉత్తరం తనకు ఎంత బలమిచ్చిందో హస్రత్ తర్వాత గుర్తుచేసుకున్నారు.

కోర్టు రెండేళ్ల కఠిన శిక్ష, 500 రూపాయల జరిమానా వేసింది. అప్పీలులో శిక్ష ఒక ఏడాదికి తగ్గింది. జరిమానా కట్టడానికి డబ్బెక్కడిది? పోలీసులు ఆయన పుస్తకాల మీద పడ్డారు. ఊరూరూ తిరిగి, ఒక్కొక్కటే అడిగి కూడబెట్టిన అరుదైన పుస్తకాలు, చేతిరాత ప్రతులు చవక ధరకు వేలంలో పోయాయి. ఒక సంపాదకుడికి దీన్ని మించిన శిక్ష ఉండదు. జైలు నుంచి ఏడాదికి బయటికి రావచ్చు. ఒకే ఒక్క ప్రతి ఉన్న దీవాన్ పోతే ఇక దొరకదు.

నైనీ జైలు

అలీగఢ్ నుంచి ఆయన్ని అలహాబాద్ దగ్గర నైనీ జైలుకు పంపారు. రాజకీయ ఖైదీలకు ప్రత్యేక సౌకర్యాలు లేని కాలం అది. దొంగలతో, హంతకులతో పాటే పొట్టి లాగు, జైలు చొక్కా, తలకు టోపీ. పని తిరగలి. రోజుకు ఒక మన్ను గోధుమలు విసరాలి. ఇప్పటి లెక్కలో దాదాపు 37 కిలోలు. కలం పట్టిన చేతులకు బొబ్బలెక్కాయి. కాగితం, కలం లేవు. ఆ తిరగలి తిప్పుతూనే మనసులో గజళ్లు కట్టుకున్నారు. ఒకవైపు కవిత్వ సాధన, మరోవైపు తిరగలి అంటూ తన మనసు తీరు చూసి తానే ఆశ్చర్యపోయిన ఆయన షేర్ ఉర్దూలో ఒక సామెతలా అయిపోయింది.

ఆ ఏడాది రంజాన్ నెల జైల్లోనే వచ్చింది. సహర్‌కు ఏమీ లేదు, ఇఫ్తార్‌కు ఏమీ లేదు. రోజాలు మాత్రం గడిచిపోయాయి. దాన్ని కూడా ఆయన ఒక షేర్‌లో పెట్టారు. అందులో ఫిర్యాదు కంటే చిరునవ్వే ఎక్కువ. బయటికి వచ్చాక ఈ జైలు అనుభవాలను తన పత్రికలోనే రాశారు. అవే ముషాహిదాతే జిందాన్ పేరుతో పుస్తకమయ్యాయి. భారత జైళ్ల గురించి ఒక రాజకీయ ఖైదీ ఉర్దూలో రాసిన తొలి పుస్తకాల్లో అది ఒకటి.

రాతి పలక మీద రెండో జన్మ

1909లో విడుదలయ్యారు. అప్పటికి చాలామంది పాత స్నేహితులు ఆయనతో కనిపించడానికే భయపడుతున్నారు. ఆయన పత్రికను అచ్చువేస్తే తమ ప్రెస్సుకు ముప్పని ప్రెస్సుల వాళ్లకు దిగులు. ఇక వేరే దారి లేక హస్రత్ సొంతంగా ప్రెస్సు పెట్టుకున్నారు. దానికి ఉర్దూ ప్రెస్ అని పేరు. పేరుకు ప్రెస్సే గానీ ఉన్నది చేత్తో తిప్పే కొయ్య యంత్రం, కొన్ని రాతి పలకలు.

ఆ రోజుల్లో ఉర్దూ పత్రిక ఎలా తయారయ్యేదో ఈ తరానికి తెలియకపోవచ్చు. నస్తాలీఖ్ లిపి వంపులు సీసపు అచ్చు అక్షరాలకు లొంగవు. అందుకని కాతిబ్ ఒక ప్రత్యేకమైన కాగితం మీద జిడ్డు సిరాతో పేజీ మొత్తం చేత్తో రాయాలి. ఆ రాతను రాతి పలక మీదికి ఎక్కించాలి. పలకను తడిపి, సిరా రోలరు దొర్లించి, కాగితం పరిచి, చక్రం తిప్పి నొక్కాలి. రాత ఉన్నచోటే సిరా అంటుతుంది. తడి ఉన్నచోట అంటదు. ఒక్కో ప్రతికీ మళ్లీ తడపాలి, మళ్లీ సిరా, మళ్లీ చక్రం. పలక మీద తప్పు కనబడితే అద్దంలోలా తిరగబడి ఉన్న అక్షరాన్ని గీకి దిద్దాలి. షేర్‌లో ఒక్క నుఖ్తా జారినా అర్థం మారిపోతుంది, ఒక్క అక్షరం తగ్గినా బహర్ కుంటుతుంది.

కూలీలకు ఇవ్వడానికి డబ్బు లేదు. సంపాదకుడు తానే, ప్రూఫులు చూసేది తానే, చక్రం తిప్పేది తానే. బేగం ఆయన పక్కనే నిలబడి ప్రెస్సు పనిలో చేయి వేసేది. పేజీలు మడిచి, కుట్టి, చిరునామాలు రాసి, తపాలా బిళ్లలు అంటించి పోస్టాఫీసుకు చేర్చాలి. చందాదారులు కొద్దిమందే. డబ్బు సమయానికి పంపేవాళ్లు ఇంకా తక్కువ. ఇలా నాలుగేళ్లు గడిచాయి.

1910లో వచ్చిన ప్రెస్ చట్టం ప్రకారం సర్కారుకు నచ్చని ప్రెస్సు నుంచి జమానత్ అడిగే అధికారం వచ్చింది. 1913లో ఉర్దూ ప్రెస్ నుంచి 3000 రూపాయల జమానత్ అడిగారు. ఆ ప్రెస్సులో ఉన్న కొయ్య, రాయి అంతా అమ్మినా అందులో చిన్న వాటా కూడా రాదు. ప్రెస్సు మూతపడింది. దాంతో ఉర్దూయే ముఅల్లా రెండోసారి ఆగిపోయింది.

కొట్టు పెట్టిన కవి

పత్రిక ఆగినా ఇల్లు గడవాలి. హస్రత్ అలీగఢ్‌లో స్వదేశీ బట్టల కొట్టు తెరిచారు. విదేశీ గుడ్డ ముట్టనని పట్టుబట్టిన మనిషి స్వదేశీ గుడ్డ అమ్మడం ఆయన దృష్టిలో వ్యాపారమొక్కటే కాదు, దేశసేవ కూడా. అల్లామా షిబ్లీ నోమానీ ఇది చూసి సరదాగా ఆటపట్టించారు. నువ్వు మనిషివా, జిన్నువా, మొదట కవివి, తర్వాత రాజకీయ నాయకుడివి, ఇప్పుడు కోమటివి కూడా అయ్యావా అన్నట్టు. కొట్టు నడుపుతూనే హస్రత్ మళ్లీ కవిత్వం వైపు తిరిగారు. నెలనెలా పత్రిక వేయడం కుదరక తజ్కిరతుష్షుఅరా అనే త్రైమాసిక తెచ్చారు. అందులో రాజకీయం లేదు, పాత కవుల జీవితాలు, ఎంపిక చేసిన కవిత్వమే.

1916లో మళ్లీ అరెస్టయ్యారు. ఒక జైలు నుంచి మరో జైలుకు తిప్పుతూ 1918 దాకా నిర్బంధంలో ఉంచారు. ఈసారి పుస్తకాల పని మొత్తం బేగం మీద పడింది. ఆమె కొట్టు చూసుకుంది, కోర్టు పనులు చూసుకుంది, జైలు నుంచి వచ్చిన భర్త గజళ్లను అచ్చువేయించింది. 1917లో భారత వ్యవహారాల మంత్రి మాంటేగు వచ్చినప్పుడు కలిసిన మహిళల బృందంలో ఆమె కూడా ఉంది. ఆ రోజుల్లో ఒక మిత్రుడు లఖ్‌నవూ నుంచి వచ్చి ఆమె ఉంటున్న తీరు చూసి చలించిపోయాడు. డబ్బు సాయం చేస్తానన్నాడు. ఆమె తీసుకోలేదు. సాయం చేయాలని ఉంటే ఇంట్లో పేరుకున్న కవుల పుస్తకాలు అమ్మిపెట్టమని కోరింది. దానం వద్దు, పుస్తకం కొంటే చాలు అన్నది ఆమె నియమం. చిన్న పత్రికలు నడిపే ఇళ్లన్నీ ఈనాటికీ కోరుకునేది అదే.

సంపూర్ణ స్వరాజ్యం

1921 డిసెంబర్‌లో అహ్మదాబాద్ కాంగ్రెస్‌లో హస్రత్ సంపూర్ణ స్వాతంత్య్రం కావాలని తీర్మానం పెట్టారు. గాంధీజీ దాన్ని వ్యతిరేకించారు. తీర్మానం వీగిపోయింది. ఎనిమిదేళ్ల తర్వాత, 1929లో లాహోర్‌లో కాంగ్రెస్ అదే మాటను తన లక్ష్యంగా ప్రకటించింది. అహ్మదాబాద్‌లోనే జరిగిన ముస్లిం లీగ్ సభకు కూడా హస్రతే అధ్యక్షులు. ఆ తర్వాత 1922లో మూడోసారి జైలు. 1924లో బయటికి వచ్చారు. 1925 చివర్లో కాన్పూర్‌లో జరిగిన తొలి కమ్యూనిస్టు మహాసభకు ఆహ్వాన సంఘం అధ్యక్షులు ఆయనే. ఐదు పూటలా నమాజు చేసే మౌలానా, పలుమార్లు హజ్ చేసిన హాజీ, మథురకు వెళ్లి శ్రీకృష్ణుడి మీద కవిత్వం రాసిన ప్రేమికుడు, కమ్యూనిస్టు సభకు స్వాగతం పలికిన నాయకుడు. ఇన్నీ ఒక్క మనిషిలోనే ఎలా ఇమిడాయని ఆశ్చర్యపోనివాళ్లు లేరు.

ఇంత హడావుడిలోనూ పత్రికను మర్చిపోలేదు. 1925లో కాన్పూర్ నుంచి ఉర్దూయే ముఅల్లాను మూడోసారి మొదలుపెట్టారు. 1937లో బేగం కన్నుమూశారు. ఆమె లేని లోటు ఆయన కవిత్వంలోనూ కనిపిస్తుంది.

దేశ విభజన వచ్చినా ఆయన భారత్‌ను వదలలేదు. రాజ్యాంగ సభలో సభ్యుడిగా ఉండి, నచ్చని ప్రతి అంశాన్నీ నిలబడి వ్యతిరేకించారు. 1951 మే 13న లఖ్‌నవూలో కన్నుమూశారు. వెనక ఆస్తి ఏమీ లేదు.

మిగిలింది ఏమిటి?

లాభనష్టాల లెక్క వేస్తే ఉర్దూయే ముఅల్లా మొదటి నుంచి చివరిదాకా నష్టమే. మూడుసార్లు పుట్టింది, రెండుసార్లు సర్కారు చేతిలో మూతపడింది. సంపాదకుడికి అది జైలు ఇచ్చింది, అప్పులు ఇచ్చింది, ప్రాణంలా చూసుకున్న పుస్తకాలను తీసుకుపోయింది.

కానీ మరో లెక్క కూడా ఉంది. చిన్నచూపు చూసిన గజల్ మళ్లీ తలెత్తుకుంది. ఫానీ, అస్గర్, జిగర్‌ల పేర్ల పక్కన హస్రత్ పేరు నిలిచింది. గజల్ రాసేవాళ్ల సర్దార్ అనే అర్థంలో ఆయన్ని రయీసుల్ ముతగజ్జిలీన్ అన్నారు. ఎందరో పాత షాయిర్ల కవిత్వం ఆయన ఏరి అచ్చువేయడం వల్లే తర్వాతి తరాల చేతికి అందింది. ఇక పేరు బయటపడకుండా కాపాడిన ఆ విద్యార్థి విషయానికొస్తే, ఆ కేసులో అతను జైలు గడప తొక్కలేదు. అతని బదులు రోజుకు 37 కిలోల గోధుమలు విసిరింది పత్రిక సంపాదకుడు.